గొడవ లేకుండా పోయిన కోట

చాండ్లర్, అమెరికా

అక్కా,
బావ వద్దనగానే లాయరు ప్రాక్టీసు ఎందుకు మానేశావు? ఏళ్ళ తరబడి అడగాలనుకుంటున్నాను. కిందటి వారం జపాన్‌లో సముద్రం పక్కన హగి కోట చూశాం. రాతిగోడలే మిగిలాయి. శత్రువులెవరూ కూల్చలేదట, ప్రభుత్వం ఉత్తర్వు వస్తే కోటవాళ్ళే విప్పేశారట. "గొడవ లేకుండా పోయింది, నయమే" అన్నాడు మా ఆయన మనోహర్. నీ విషయంలో అమ్మా అదే మాట అంది. ఒళ్ళు మండిపోయింది.

లా పుస్తకాలు తూకానికి వేసేస్తున్నావని మీ అమ్మాయి నమ్రత ఫోన్‌లో చెప్పింది. వెయ్యకు. డిసెంబర్‌లో వచ్చి నేను తెచ్చుకుంటాను. మోకాలి నొప్పి తగ్గిందా? నమ్రతకి ఆశీస్సులు. బావకి ఏం రాయాలో తోచలేదు. నా కోపం ఆయన మీదో, ఎదురు చెప్పని నీ మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి
మృదుల