కలుపు తీసిన మడి

అన్నా,

వాన తెరిపిచ్చింది. పొద్దున్నే వదినా నేనూ వరిలో కలుపు తీయడానికి దిగాం.

వదిన కొత్త రిపోర్టులో హెచ్ఐవి కనబడలేదు. "ఇంకేంది తమ్మీ, గోలీలు బంద్ చేస్త" అంది. నువ్వూ ఇదే మాట అని మానేశావు. ఆ మరుసటేడే నిన్ను కాటికి మోసుకెళ్ళాం.

డాక్టరమ్మ నాతో అన్నదే వదినకు చెప్పాను. రోగాలతో పోరాడే కణాల్లోనే కొంత వైరస్ నిద్రపోతూ ఉంటుందట. రక్తంలో తిరగదు కాబట్టి పరీక్షకు దొరకదట. గోలీలు ఆపితే లేస్తుందట.

"అబ్బో, పెద్ద డాక్టరువే!" అని నవ్వింది. తర్వాత చేతిలోని ఊదగడ్డిని చూసింది. "నిరుడు ఈ మడిల ఒక్క పోచ ఉంచలే గద" అంది మెల్లగా.

గట్టెక్కి కాళ్ళు కడుక్కుంది. ఇంట్లో గోలీలు రేపటివరకే ఉన్నాయి.

మధ్యాహ్నం బస్సుకు వదిన బీజాపూర్ ఆసుపత్రికి వెళ్ళింది.