గేదె తవుడు

కోవూరు, 1961 నవంబరు, ఆదివారం

మా లక్ష్మికి పెదవుల మూలలు మళ్ళీ పగిలాయి. ముద్ద పెడితే మంటని ఏడ్చింది. ఇదివరకు మా ఇంట్లో వడ్లు దంచిన పోలమ్మ చూసింది.

"మిల్లు బియ్యమే పెడతా ఉండారామ్మా? సత్తువంతా తవుడులో పోయె. మా పిల్లోళ్ళు తవుడులో బెల్లం కలుపుకొని తింటారు," అంది.

వెంట వచ్చిన ఆమె కూతురి మూతి నున్నగా ఉంది.

దంపుడు బియ్యం ముతకగా ఉంటాయని, చుట్టాలు నవ్వుతారని పోలమ్మను మాన్పించింది నేనే. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మళ్ళీ రమ్మనను? ఆయనేమంటారో?

మా గేదె మాత్రం నిగనిగలాడుతోంది.

పొద్దున దానికి తవుడు తీస్తుంటే లక్ష్మి గుప్పెడు నోట్లో వేసుకుంది. గేదె తిండి తింటావా అని కొట్టాను.