బాపూ, అల్లుడి కాళ్లకు నీళ్లివ్వకు

సిరిసిల్ల,
9 అక్టోబరు 2011.

ధర్మపురి గోదారి అడుగున చల్లగా ఉన్న మా బాపు యాదగిరికి, కొరివోళ్లింటి కోడలు సుమలత దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, అవ్వ, మడుగులో మనవాళ్లంతా క్షేమమని తలుస్తాను. ఫోను చేద్దామంటే నీళ్లలో మోగదాయె! అందుకే ఈ ఉత్తరం. తెచ్చేది నీ అల్లుడు రాజనర్సే. పడవ ఎల్లన్న చేతికిస్తే, ఆయన రాయి కట్టి నీటిలో వదులుతాడు.

ముందుగా ఒక్క మాట. అల్లుడొచ్చాడని చెంబుతో ఎదురెళ్లి కాళ్లకు నీళ్లివ్వకండి. మన ఆచారం మనకు గొప్పే. కానీ ఆయన కొరివి దయ్యం. గోదారి నీళ్లు పాదాల మీద పడ్డాయంటే అక్కడికక్కడే ఆరిపోతాడు. అవ్వకు మరీ మరీ చెప్పు. మర్యాద, మర్యాద అని ఉరుకుతుంది, నాకు తెలుసు.

నీ మీద కోపం ఇంకా పోలేదు, దాచుకోను. నీటివాళ్ల పిల్లను నిప్పువాళ్లకిస్తే తరాల పగ చల్లారుతుందని పెద్దలంతా కూర్చుని తలలూపారు. నన్ను ఒక్కరైనా అడిగారా? జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు మా నెత్తుల మీద ఆవిరి లేస్తే, సాంబ్రాణి పొగనుకుని అక్షింతలేశారు. అప్పుడే ఆయన మెల్లగా, కాలిందా అని అడిగాడు. పగవాడి నోట ఆ మాట వింటాననుకోలేదు. సాంచెల మీద రోజంతా బట్ట నేసి వచ్చి, నాకు వేడి తగలకుండా అర్రలో ఆ మూలన పడుకుంటాడు. ఇంతవరకు ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోలేదు గానీ, బాపూ, ఆయనంటే నాకు పాణం.

ప్రతి అమాసకూ నన్ను గోదారిలో ముంచి తెస్తానని పెండ్లినాడు నీకు మాటిచ్చాడు. తప్పలేదు. ఈ పెత్రమాసకు మాత్రం తెలంగాణ సమ్మెలో బస్సుల్లేవు. ఆటో మాట్లాడుకుని కోరుట్ల దాకా వచ్చాం. అక్కడ నడిరోడ్డు మీద వంటావార్పు. ఆటోవాడు ఇక ముందుకు రానన్నాడు. చెల్లె మొఖం గట్ల పీక్కపోయిందేంది, ముందుగాల ఇంత బువ్వ తినుండ్రి అని ఒకాయన నా చేతిలో విస్తరి పెట్టాడు. ఆయన్నేమనాలి? తెలంగాణ రావాలని నాకూ ఉంది. గోదారిలో మునగకపోతే ఎండిపోతానని ఏ నోటితో చెప్పాలి? ఆ బువ్వ తిని తిరిగొచ్చాం.

అప్పటినుంచి ఒళ్లంతా పగుళ్లు. మా అత్త కనకవ్వ నా కోసం పొయ్యిని వాకిట్లోకి మార్చింది. నెత్తి మీద చెయ్యి పెడ్దామంటె కాలుతవు, నేనేం జెయ్యాలె బిడ్డా అని గడప అవతల కూర్చుని ఏడుస్తుంది. ఆయన నన్ను సైకిల్ మీద తీసుకొస్తానన్నాడు. అంత దూరం ఆయన వీపు వెనక కూర్చుంటే ఆవిరైపోనూ? చివరికి, నువ్వు రాకుంటె ఏమాయె, నేనే బిందెడు గోదారి నీళ్లు తెస్త అని లేచాడు. నిప్పు నీళ్లకు పోతున్నది బాపూ!

తడి గట్టు మీద ఆయన్ను అడుగు పెట్టనివ్వకు. జొన్నరొట్టె అంటే ఇష్టం, ఎల్లన్న ఇంట్లో పొయ్యి మీదనుంచి దించింది దించినట్టే పెట్టించు.

ఉంటాను మరి.

నీ బిడ్డ,
సుమలత

తా.క.: బిందెలో పట్టిన నీళ్లు మనకు పనికిరావనీ, పారే గోదారిలో మునగాల్సిందేననీ నీకు తెలుసు. పైన చదివినప్పుడే నీ గుండె ఝల్లుమని ఉంటుంది. ఆయనకు తెలియదు, ఈ ఉత్తరం అంటించే ఇస్తున్నాను. బిందెడు సరిపోతయా అని అడిగితే, సరిపోతాయని అబద్ధమాడాను. మోకాళ్ల దాకా పొడిపొడి అయిపోయాను. దుప్పటి కప్పుకుని, బాగానే ఉన్నానని చెప్పి పంపిస్తున్నాను. ఇక్కడే ఉంటే నన్ను పట్టుకోకుండా ఉండలేడు. నేను పోయానని మనవాళ్లు ఆయన మీద పగ పట్టకుండా చూడు. నీళ్లు రేపిస్తాం, ఎల్లుండిస్తాం అని నాలుగు రోజులు అక్కడే ఉంచుకో. జల్ది ఇయ్యి మామా, అది ఎదురుచూస్తది అని నీ వెంట పడతాడు. అప్పుడు ఏం చెప్తావో నువ్వే చెప్పు బాపూ, నాకు ధైర్యం చాలలేదు.