నా పాటకు నాకే బిల్లు

పాటల రాయల్టీ సంఘం కార్యదర్శి గారికి,

మీరు దొంగలు. మర్యాదగా మొదలుపెడదామని రెండు కాగితాలు పాడుచేశాను, నా వల్ల కాలేదు. నేను రాసిన గొడుగు పాట పెద్ద హోటల్ లిఫ్టులో మోగుతోంది, ఫంక్షన్ హాళ్లలో మోగుతోంది, బట్టల షాపులో ప్రతి అంతస్తులోనూ మోగుతోంది. వాళ్లందరి దగ్గరా మీరు రుసుము వసూలు చేస్తున్నారు. నాకు మాత్రం పైసా రాలేదు. ఎవరి కడుపులోకి పోతోంది?

ఒళ్లు మండుతున్న,
గొడుగు పాట రచయిత

తా.క. మా వీధి సెలూన్‌లో కూడా వేస్తారు. అతని జోలికి వెళ్లారో, ఊరుకోను. పెద్దవాళ్లను పట్టుకోండి.

*

గౌరవనీయ సభ్యులకు,

మీ కోపం అందింది. రుసుము కట్టే హోటళ్లు, షాపులవాళ్లు ఏ పాట వేశారో జాబితా పంపితే దాని ప్రకారం పంచుతాం. మీ పాట ఏ జాబితాలోనూ లేదు. అంటే, మా దృష్టిలో దాన్ని ఇంతవరకు ఎవరూ వేయలేదు. జాబితా రాని చోట్ల వసూలైన డబ్బు బాగా పేరున్న పాటలవాళ్లకు వెళ్తుంది.

విధేయుడు,
కార్యదర్శి

తా.క. సెలూన్ చిరునామా పంపగలరు.

*

చిరునామా అడిగిన కార్యదర్శి గారికి,

పంపను. హోటల్‌వాడు బద్ధకించి జాబితా రాయకపోతే నా పొట్ట కొట్టి, ఇప్పటికే కడుపు నిండినవాడికి పెడతారా? దీన్ని పంపకం అంటారా, దోపిడీ అంటారా? నా పాట ఎవరూ వేయలేదా? సోమవారం మీ గేటు ముందు ధర్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైకులో నా పాటే.

తగ్గేది లేని,
గొడుగు పాట రచయిత

తా.క. మీ గేటు దగ్గర కరెంటు ప్లగ్గు ఉందా?

*

గౌరవనీయ సభ్యులకు,

ధర్నా బ్రహ్మాండంగా జరిగింది. అనుమతి లేకుండా బహిరంగంగా పాట వేసినందుకు రుసుము బిల్లు జతచేశాం. "పాట నాదే కదా" అంటారేమో. మాటలే మీవి, బాణీ మీ బావమరిదిది. సగం వాటా ఆయనది. పైగా ఎవరు వేసినా వసూలు చేయమని మీరిద్దరూ మాకు సంతకం పెట్టి ఇచ్చారు.

విధేయుడు,
కార్యదర్శి

తా.క. కరెంటు మాది. దానికి బిల్లు వేయలేదు.

*

దయగల కార్యదర్శి గారికి,

లాయరు ఫీజు మీ బిల్లు కంటే ఎక్కువని తెలిసి, పళ్లు కొరుక్కుంటూ కట్టాను. "సొంత పాట వినడానికి డబ్బు కట్టిన మొగుడు నాకే దొరికాడు" అంటోంది మా ఆవిడ. నా జేబులోంచి ఆమె తమ్ముడికి వాటా వెళ్తుందని మాత్రం నవ్వుకుంటోంది.

రక్తం మరుగుతున్న,
గొడుగు పాట రచయిత

తా.క. రసీదు పంపండి. మిమ్మల్ని నమ్మను.

*

గౌరవనీయ సభ్యులకు,

రసీదు జతచేశాం. మీరు కట్టిన దాంట్లో మా ఖర్చులు పోగా మిగిలింది సగం మీకు, సగం మీ బావమరిదికి పంపాం. ఇది మీ తొలి రాయల్టీ. అభినందనలు!

విధేయుడు,
కార్యదర్శి

తా.క. "బావని రోజూ ధర్నా చేయమనండి" అని మీ బావమరిది ఫోన్ చేశారు.

మరో తా.క. ఈ ఏడాది ఎంతో కొంత రాయల్టీ అందుకున్న సభ్యులకు సంఘం ఎన్నికల్లో ఓటుంటుంది. ఆహ్వానం కూడా జతచేశాం.

*

మాజీ కాబోతున్న కార్యదర్శి గారికి,

ఆ ఆహ్వానం పట్టుకుని బావమరిది ఇంటికి పరిగెత్తాను. "ఇంత చవగ్గా ఓటొస్తుందా బావా!" అన్నాడు. ఇద్దరం కలిసి, మీ జాబితాలకెక్కని రచయితలందరి తలుపులూ తట్టాం. రాయల్టీ రాదు కాబట్టి వాళ్లకు ఓటు లేదు. ఓటు లేదు కాబట్టే మీ పంపకం మారలేదు. ఇన్నేళ్లూ మీ కుర్చీ కదలకపోవడానికి కారణం ఇదన్నమాట! నిన్న మీ కిటికీ కింద వరుసకట్టి ఎవరి పాట వాళ్లు వేసింది అందుకే. ధర్నా అనుకుని మీరు తలుపులు మూసుకున్నారు. అది ధర్నా కాదు, ఓటర్ల నమోదు.

కార్యదర్శి పదవికి పోటీ చేస్తున్న,
గొడుగు పాట రచయిత

తా.క. మా డిమాండ్లు:

1. నిన్న పాట వేసిన ప్రతి ఒక్కరికీ ఈ వారంలోనే బిల్లు వేయాలి. ఒక్కరినీ వదలకూడదు.
2. కట్టిన వెంటనే ఎవరి వాటా వాళ్లకు పంపాలి.
3. జాబితా ఇవ్వని హోటళ్లకు, హాళ్లకు మీ మనిషి వెళ్లి, విని, రాసుకురావాలి.
4. జాబితా లేని డబ్బు పేరున్నవాళ్లకు పంచడం ఆపాలి.
5. ఎన్నిక తేదీ మార్చకూడదు.