ఉడికిన రబ్బరు పుల్లలు

మార్చి 3, మంగళవారం

నా కొలత తప్పదు. ల్యాబ్‌లో పెంచిన కండరం గోరంత ఉంటుంది. దాన్ని రెండు రబ్బరు పుల్లలకు తగిలించి కరెంటు ఇస్తే బిగుసుకుంటుంది, పుల్లలు వంగుతాయి. ఎంత వంగాయో చూసి బలం ఎంతో చెప్పేస్తాను. చిన్న రోబో కాలు కదలాలంటే సగం మిల్లీన్యూటన్ బలం కావాలి. ఏడో నంబరు కండరం 0.31 దగ్గరే ఆగింది. నాలుగు, ఐదు, ఆరు కూడా ఇలాగే తేలిపోతే పారేయించాను.

వీటిని పెంచేది పెద్దక్క. నాకు సొంత అక్క కాదు, ల్యాబ్ మొత్తానికీ అక్క. సెలవు రోజుల్లోనూ వచ్చి వాటికి మేత మారుస్తుంది. శుక్రవారంలోపు బలం చూపించకపోతే కండరాలు బయట కొంటాం, ఇక ఆవిడ అవసరం ఉండదు అన్నాడు బాస్.

మార్చి 4, ఉదయం 9:40

పెద్దక్కకి 0.31 అని చెప్పాను. నా పిల్లలు అంత చేతకానివాళ్ళు కారు, నీ సరంజామా ఓసారి చూసుకోమ్మా అంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అనుకున్నాను. పైకి మాత్రం, అంకెలకి మొహమాటం ఉండదక్కా అన్నాను. ఏదో గొప్ప మాట అన్నట్టు ఫీలయ్యాను కూడా.

సాయంత్రం 7:00

అమ్మ కుక్కర్ మూత పట్టుకుని నా మీద పడింది. ఆవిరంతా పక్కనుంచి పోతోందట. గ్యాస్కెట్ చెక్కలా అయిపోయింది. కొత్తది తెమ్మని ఎన్నిసార్లు చెప్పాను, ఇన్నాళ్ళు ఉడికితే రబ్బరు గట్టిపడదా, ఇంత చదివావు అంది.

నవ్వబోయి ఆగిపోయాను. వాడిన ప్రతిసారీ క్రిములు చావాలని నా పుల్లల్నీ ఆటోక్లేవ్‌లో, అదే ల్యాబ్ కుక్కర్‌లో, ఉడికిస్తాను. కొత్తవి చేయడానికి రెండు రోజులు పడుతుందని బద్ధకించి ఏడాదిగా అవే వాడుతున్నాను. అవి ఎంత గట్టివో కొలిచింది మొదటి రోజే.

మార్చి 5

పుల్లలు దాదాపు రెండింతలు గట్టిపడ్డాయి, అందుకే వంగాల్సినదాంట్లో సగమే వంగాయి. లెక్క సరిచేస్తే ఏడో నంబరు 0.60.

మద్దెలే ఓడు.

తప్పు నాదేనని బాస్‌కి చెప్పాను. లెక్కలు వద్దు, రేపు కాలికి కట్టి నడిపించు అన్నాడు. నడుస్తుంది. ఈసారి నాకు అనుమానం లేదు.

పెద్దక్కకి చెప్పడమే కష్టమైంది. తిడుతుందనుకున్నాను. మరి నువ్వు పారేయించిన ఆ ముగ్గురు అంది, అంతే.

మార్చి 6, ఉదయం 11:15

నడిచింది. పెద్దక్క ఉంటుంది. బాస్ అడుగులు లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు అని. పక్కనే పెద్దక్క కూడా మెల్లగా లెక్కపెట్టింది. నాలుగు, ఐదు, ఆరు.