మూడూళ్ళలో విప్పి కట్టిన వంటిల్లు

మదనపల్లె,
బుధవారం.

అమ్మకు,

సింధు దణ్ణాలు. నేనూ నాయనా ఆరోగ్యంగా ఉన్నాం, నువ్వూ అక్కడ అలాగే ఉండాలని రోజూ అనుకుంటున్నాం. ఈ ఒక్క వాక్యం రాసి రెండుసార్లు లేచాను. ఒకసారి నీళ్ళకని, ఒకసారి ఏ పనీ లేకుండానే. ఒకచోట కూర్చుని రాయడం నాకు చేతకావడం లేదు. అక్షరాలు వంకరగా పోతే ఏమీ అనుకోవద్దు.

రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ మళ్ళీ ఉత్తరమేమిటని నువ్వు అడుగుతావు. మనం మాట్లాడేటప్పుడు నీ వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు పిలుస్తుంటారు. నా మాట సగంలో ఉండగానే "ఉండమ్మా, మళ్ళా చేస్తా" అంటావు. నువ్వు మళ్ళీ చేసేసరికి నా ధైర్యం పోయి ఉంటుంది. రాణి చిన్నమ్మ సెలవు అయిపోయి శనివారం కువైట్‌కు బయలుదేరుతోంది. నీ ఉత్తరం ఆమె చేతే వచ్చింది, జవాబు కూడా ఆమె చేతే పంపుతున్నాను. కాగితానికైతే మధ్యలో ఎవరూ అడ్డురారు కదా.

ముందు నువ్వు అడిగినవి. నాయన మోకాలు చాలా నయం. మెట్లు బాగానే ఎక్కుతున్నాడు, ఎవరైనా చూస్తున్నారంటే మాత్రం కుంటుతాడు. నిమ్మనపల్లెలో మన కొత్తింటికి లోపలి పూత కూడా అయిపోయింది. స్నానాల గదిలో టైల్స్ జారుతాయేమోనని రాశావు. గరుకువే వేయించాను. నీళ్ళు పోసి, సబ్బు రుద్ది, నాయననే నడిపించి చూశాను. పడలేదు. "కన్న తండ్రిని పరీక్షకు పెట్టే బిడ్డను యాడన్నా సూసినారా" అని అటు పోయేవాళ్ళందరితో చెప్పుకున్నాడు.

తరువాత నీ కోపం. "ఎగ్జిబిషనంటే తిరనాళ్ళా? ఆడపిల్లవు ఊరూరూ యాల తిరగతాండావు?" అని రాశావు. నిజం చెప్పాలంటే అది సగం తిరనాళ్ళేనమ్మా. గురుమూర్తన్న అంగడిలో నేను టైల్స్, కొళాయిలు, కమోడ్లు అమ్ముతానని నీకు తెలుసు కదా. ఈ ఏడు బెంగళూరులోని ఒక వంటింటి సామాను కంపెనీ ఆయన్ను ఈ వైపు డీలర్‌గా పెట్టుకుంది. ఇల్లు కట్టే వాళ్ళ కోసం తలుపుల నుంచి నీళ్ళ ట్యాంకుల దాకా అన్నీ ఒకేచోట పెట్టి చూపించే ప్రదర్శనలు మదనపల్లెలో కల్యాణమండపంలో ఒకటి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి జరిగాయి. మూడింటిలోనూ మన స్టాల్ ఉంది. స్టాల్ అంటే బల్ల వేసి కాగితాలు పంచేది కాదు. ప్లైవుడ్ గోడలు నిలబెట్టి, లోపల నిజమైన వంటిల్లు బిగిస్తాం. పొయ్యి, పొగ గొట్టం, సింకు, సొరుగులు, అన్నీ.

జనాన్ని చూడాలమ్మా నువ్వు. సొరుగు తోస్తే దానంతటదే మెల్లగా మూసుకుంటుందని చెబితే ఒకావిడ నమ్మలేదు. మూసుకుపోయేదాకా దాని వెంబడే వంగి చూసి, "సిగ్గుపడతాండాది" అంది. ఒకాయన మూత వేసిన కమోడ్ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసి, "ఆ, గట్టిగానే ఉండాది, తీసుకుందాం" అంటున్నాడు. చుట్టూ అంతమంది ఉన్నా ఆయనకేమీ సిగ్గనిపించలేదు, నేనే అటు తిరిగి నిలబడ్డాను.

అసలు తమాషా పాల దగ్గర జరిగింది. మదనపల్లెలో స్టాల్ తెరిచే పొద్దున గురుమూర్తన్న గిన్నె, పాలు, అమ్మవారి పటం పట్టుకుని వచ్చాడు. కంపెనీ నుంచి వచ్చిన సిద్ధార్థకు అర్థం కాలేదు. అతను బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాడు.

"ఇది డిస్‌ప్లే కిచెన్ సార్, గ్యాస్ పెట్టడానికి లేదు" అన్నాడు.

"వంటిల్లేనా, కాదా?" అన్నాడు గురుమూర్తన్న.

"వంటిల్లే, కానీ..."

"వంటిల్లయితే పాలు పొంగాల్సిందే. పొంగకుండా పొయ్యి ముట్టిస్తే నా అంగిడికి మంచిది కాదప్పా. కరెంటు పొయ్యి ఉండాది గదా, దానిమీద పెట్టు. సింధూ, నువ్వు రా. ఇంటి ఆడబిడ్డ చేత్తో పొంగాల."

నేను పొంగించాను. పాలు ఆ నల్లటి అద్దం పొయ్యి మీద పొర్లి, గట్టు అంచు దాకా పారి, కింద సొరుగులోకి కారాయి. సిద్ధార్థ కళ్ళు మూసుకున్నాడు. పాల వాసన మండపమంతా పట్టింది. అంతే, ఎవరూ చెప్పకుండానే జనం స్టాల్ బయట చెప్పులు విప్పి లోపలికి రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి మా స్టాల్ ముందు గుడి ముందున్నట్టు చెప్పుల గుట్ట. "ఎవురిదమ్మా ఇల్లు?" అని అడిగి, పొయ్యి మూలన కుంకుమ పెట్టి పోయిన ఆడవాళ్ళూ ఉన్నారు. పక్కన తలుపులమ్మేవాళ్ళు కుళ్ళుకున్నారు. పొద్దున కళ్ళు మూసుకున్న సిద్ధార్థే సాయంత్రం చెప్పుల గుట్టకు ఫోటో తీసి వాళ్ళ ఆఫీసుకు పంపాడు. పుంగనూరులో గురుమూర్తన్న ఆ ఊరి ఆవు పాలే కావాలని పొద్దున్నే వెతకడానికి పోయి, చివరికి ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. అవీ పొంగాయి.

ఇలా మూడూళ్ళలో మూడు గృహప్రవేశాలు చేశాను. ఒక్కటీ మన ఇల్లు కాదు. నాకు నచ్చింది మాత్రం పాలు పొంగించడం కాదమ్మా. చివరి రోజు సాయంత్రం స్క్రూలు విప్పి, ఆ వంటింటిని పలకలు పలకలుగా వ్యాన్‌లోకి ఎక్కించడం నచ్చింది. అందరికీ అది అలసట. నాకు ఒళ్ళు తేలికవుతుంది. రేపు ఇంకో ఊరు అనుకోగానే ఆకలి కూడా వేస్తుంది. అంగడిలో ఉన్న రోజుల్లో అదే గోడ, అదే ఫ్యాను, మధ్యాహ్నమంతా బెంగళూరు రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులు చదువుకుంటాను. ఇప్పుడూ చదువుతూనే రాస్తున్నాను.

ఇక కుప్పం. ఇది కాస్త జాగ్రత్తగా చదువు.

మొదటి రోజే శాంతిపురం నుంచి గోవిందప్ప, అంజమ్మ అని మొగుడూ పెళ్ళాలు వచ్చారు. ఆమెకు నీ ఈడే ఉంటుంది. కువైట్‌లో చాలా ఏళ్ళు ఇంటిపని చేసి ఈ మధ్యనే తిరిగి వచ్చిందట. ఊళ్ళో ఇల్లు కడుతున్నారు. "మా ఆమెకు ఇవన్నీ తెలుసమ్మా, ఇట్లాటి ఇంట్లోనే ఉండి వచ్చినాది" అని గోవిందప్ప గర్వంగా చెప్పాడు. ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. నేను చూపించక ముందే చెంచాల సొరుగు తెరిచింది, చెత్త డబ్బా ఏ తలుపు వెనక ఉంటుందో నేరుగా అక్కడికే పోయింది. ఆ తరువాత గట్టు మీదున్న గుడ్డ తీసుకుని, పొద్దున పొంగిన పాల మరక తుడవడం మొదలుపెట్టింది.

"దీంట్లో కూసునేదానికి యాడుండాదమ్మా?" అని అడిగింది తుడుస్తూనే.

"ఎత్తు స్టూల్ వేసుకోవచ్చమ్మా" అన్నాను.

"స్టూలు మింద కూసోని సంగటి గెలుకుతారా యాడన్నా?"

"సంగటి ఒకటే ఉండాదా లోకంలో?" అన్నాడు గోవిందప్ప. "ఊర్లో అందురూ ఇట్లాదే పెట్టుకుంటాండారు."

"పెట్టుకోనీ. ఆడ పొద్దన లేసినప్పట్నించి ఇట్లాదాంట్లోనే నిలబడితిని. తినేది గూడా నిలబడుకొనే. మళ్ళా నా ఇంట్లో గూడా నిలబెడతావా?"

"నీకోసరమే గదామే నేను చెప్తాండేది."

"నాకోసరమైతే నన్ను అడుగు. నీకు ముచ్చటైతే కట్టించుకో, నువ్వు నిలబడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గోవిందప్ప కూడా నవ్వేసి, "ఈమెను పిల్చకొచ్చిందే నాది తప్పు" అంటూ కొళాయిల వైపు పోయాడు. ఇంత మాట్లాడుతున్నా అంజమ్మ చెయ్యి ఆగలేదమ్మా. మరక ఎప్పుడో పోయింది, ఆమె తుడుస్తూనే ఉంది. గుడ్డ తన చేతిలో ఉన్న సంగతి ఒక్కసారిగా చూసుకుని, తప్పు చేస్తూ దొరికినట్టు కింద పెట్టేసింది.

"కన్విన్స్ చేయాల్సింది కదా సింధూ" అన్నాడు సిద్ధార్థ తరువాత. నాకు అప్పటి నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. వీడియోలో నీ మొహమే కనపడుతుంది, వెనక ఫ్రిజ్ చప్పుడు వినపడుతుంది. అమ్మా, నీకక్కడ కూర్చోవడానికి ఏముంది? ఇన్నేళ్ళలో ఏం తిన్నావని రోజూ అడిగాను. కూర్చుని తిన్నావా అని ఒక్కరోజు కూడా అడగలేదు.

ప్రతి ఊరి నుంచీ మన కొత్తింటికని నీకు వంటిళ్ళ ఫోటోలు పంపింది నేనే. ఈ నీలం బాగుందా, ఈ తెలుపు బాగుందా అని. "నీకు నచ్చిందే నాకూ" అన్నావు. ఆ ఫోటోలు చూసి చూసే కదా, ఈ ఉత్తరంలో ఇలా రాశావు: "ఇంకో రెండేండ్లు ఉంటానని వచ్చే నెల మేడమ్‌కు చెప్తా. వంటిల్లు మంచిగా పెట్టిద్దాం. రేపు నిన్ను సూసేదానికి వచ్చేవాళ్ళు మొదట వంటిల్లే సూస్తారు." ఈ నాలుగు ముక్కలు రాణి చిన్నమ్మ ఇంటి అరుగు మీదే నిలబడి చదివాను. కుప్పం పోకముందు చదివినప్పుడు సంతోషపడ్డాను కూడా. అది నీకు తెలియాలి.

ఇక దాచను. కుప్పం నుంచి వచ్చిన మరునాడు, మన కొత్తింటికి ఈ కంపెనీ వంటిల్లే కావాలని ఇచ్చిన ఆర్డరు రద్దు చేయించాను. నాయనను అడగలేదు, నిన్ను అడగలేదు. అంజమ్మ తనను అడగమన్న మాట విని వచ్చి, నిన్ను అడక్కుండానే ఆ పని చేశాను. ఇందులో తప్పు నాకు కనపడుతూనే ఉంది. కానీ నువ్వు మేడమ్‌కు మాటిచ్చేలోపే చేయాలనిపించింది. "నా అంగిట్లో పని చేస్తా నా సరుకే వద్దంటే ఎట్లమ్మా?" అని గురుమూర్తన్న కాసేపు గొణిగాడు.

రెండోది ఇంకా కష్టం. సిద్ధార్థ వాళ్ళ కంపెనీ నన్ను ప్రదర్శనల పనికి తీసుకుంటానంది. ఉండేది బెంగళూరులో, తిరిగేది ఊరూరా. చెన్నై, హైదరాబాదు, హుబ్బళ్ళి, ఎక్కడ స్టాల్ ఉంటే అక్కడికి. పోయిన నెల గురుమూర్తన్నతో పాటు బెంగళూరులో పెద్ద ప్రదర్శన చూసి వచ్చానని చెప్పాను కదా. ఒక హాలు నిండా వంటిళ్ళే. ఒక్కదాంట్లోనూ పోపు వాసన లేదు. అందరూ సామాను చూస్తున్నారు, నేను ఆ హాలు చివర తలుపు అవతల ఇంకో హాలు ఉందా అని చూశాను. ఉంది. అప్పుడే నిర్ణయించుకున్నాను, నీకు చెప్పడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఒప్పుకున్నాను. వచ్చే నెల చేరుతున్నాను.

నాయనకు చెబితే రెండు పూటలు తానే వడ్డించుకుని తిన్నాడు. మూడో పూట, "మీయమ్మకు ఏమని చెప్పేది నేను?" అన్నాడు.

"నేనే రాస్తాలే నాయనా."

"రాయి. నన్నడిగి చేసిందని మాత్రం రాయొద్దు."

అందుకే ఆయన్ను అడగలేదని పైనే రాశాను.

కాబట్టి నన్ను చూడడానికి ఎవరూ ఇప్పట్లో రారమ్మా, వచ్చినా ఆ వంటింట్లో నేను ఉండను. నా కోసమని ఇంకో రెండేళ్ళు నిలబడితే, చివరికి అక్కడ చెంచాల సొరుగు తెరిచేది నాయన ఒక్కడే.

ఒక మాట ఇంకా ఉంది. నువ్వు నా కోసమే కువైట్ పోయావని ఇంట్లో అందరూ అంటారు, నువ్వూ అంటావు. మొదటిసారి నువ్వు పోయినరోజు నేను చిన్నదాన్నే, కానీ విమానాశ్రయంలో నీ మొహం చూశాను. ఏడుస్తున్నావు, ఏడుస్తూనే గాజు తలుపు అవతలికి చూస్తున్నావు. ఆ చూపు నాకిప్పుడు బాగా తెలుసు. అందుకని, నీకే అక్కడ ఉండాలని ఉంటే ఉండు. సంపాదన నీది, తిరుగుడు నీది, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. నా పేరు మీద, వంటింటి పేరు మీద మాత్రం ఉండొద్దు. రావాలనుంటే మేడమ్‌కు వచ్చే నెలే చెప్పేయి.

మొన్న ఆదివారం కదిరప్ప మేస్త్రి వంటింట్లో బండ వేయడానికి వచ్చాడు. కంపెనీ సామాను రాదు కాబట్టి మామూలు బండే వేయాలి. కింద కూర్చునే చోటు కూడా వదలమన్నాను. "పైబండ ఎంతెత్తు పెట్టాల? అమ్మ ఎంతుంటాది?" అన్నాడు.

నాయన తన భుజం మీద చెయ్యి పెట్టి, "ఈడికొస్తాది" అన్నాడు. కాదు, నాయన చెవి దాకా వస్తావని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నా పెండ్లాం నాకు తెల్దా?" అన్నాడు. నువ్వు పోయినసారి వచ్చినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను, నీ పక్కన నిలబడితే ఒకటే ఎత్తు. అప్పటి నుంచి నేను పెరిగానో లేదో నాకు తెలియదు. కదిరప్ప ఇద్దరి లెక్కకూ గోడ మీద బొగ్గుతో చెరొక గీత గీశాడు. రెంటికీ మధ్య జానెడు తేడా వచ్చింది.

"ఈ కత ఇట్ల తెగేది కాదు. ఆయమ్మే వచ్చి నిలబడితే మూడో గీత గీస్తా" అని తాపీ కడిగేసుకుని, కురబలకోటలో ఇంకో పనికి పోయాడు.

రంగులు వేసేవాళ్ళు రేపటి నుంచి వస్తారు. ఆ ఒక్క గోడ వదిలేయమని చెప్పాను.

ఇట్లు,
నీ కూతురు,
సింధు