మైనంలో గోటి గుర్తు

ఏప్రిల్ 19, 1998

రాయి నాగవేణీ. నేను చెప్పింది చెప్పినట్టే రాయి. కోడలివని నీ సొంత తెలివి కలపొద్దు.

ఎదురింటి ఎస్టీడీ బూతుకు కుప్పం డాక్టరు ఫోన్ చేశాడు. శాంతిపురం మునెప్పకు మేం చేసిన పళ్ల సెట్టు నిలవడం లేదట. నాదస్వరం ఎత్తి ఊదితే పై సెట్టు ఊడి ఒళ్లో పడిందట — పెళ్లి పందిట్లో, తాళి కట్టే వేళకు. "ట్రయల్ చూడకుండానే ఉడికించేసినావు గంగమ్మా," అన్నాడు. ఆ మాట అని పెట్టేశాడు.

నన్ను.

ఏప్రిల్ 20

నా వాదన ఇది. ముందు మైనంలో పళ్లు అమర్చి డాక్టరుకు పంపుతాం. ఆయన పేషెంటు నోట్లో పెట్టి చూస్తాడు, అదే ట్రయల్. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కూడితే, మైనం అంగిలి మీద బొటనవేలి గోరు నొక్కి పంపుతాడు. నాకు అక్షరం రాదు. మా ఆయన పోయాక ఈ పళ్ల ల్యాబు నా చేతికొచ్చినప్పుడు నేను పెట్టిన పద్ధతి ఇది. మదనపల్లె డాక్టరు, పుంగనూరు డాక్టరమ్మ, ఈ కుప్పం డాక్టరు — ముగ్గురూ సరే అన్నవాళ్లే. గోరు ఉంటే మైనం తీసి అక్రిలిక్‌తో ఉడికిస్తాను. లేకుంటే డబ్బా వచ్చిన బస్సుకే తిరిగి వెళుతుంది.

మునెప్ప సెట్టుకు గోరు ఉంది. నా చూపు మందం, కానీ వేలికి మందం లేదు. తడిమాను. గీత తగిలింది.

ఏప్రిల్ 21

మళ్లీ ఫోన్ చేస్తే, గోటికి సాక్ష్యం యాడ ఉండాది అంటాడు కుప్పం డాక్టరు. ఎక్కడ ఉంటుంది... మైనం వేడినీళ్లలో కరిగిపోతేనే కదా ఆ చోట్లో అక్రిలిక్ పిండి పెట్టి నొక్కేది. నా పని జరగాలంటే నా సాక్ష్యం కరగాలి.

ఏప్రిల్ 23

కాలు నిలవదు. గడప దాకా పోతాను, వస్తాను. ఎడమ కోరపన్ను కుడి పక్కన గుచ్చాను ఈ రోజు. పని నేర్చుకున్నప్పుడు కూడా చేయని తప్పు.

పుంగనూరు బస్సొచ్చింది. డాక్టరమ్మ డబ్బా లేదు. కండక్టరును రెండుసార్లు అడిగాను. "ఇస్తే తీసకరానా అవ్వా, నేనేమన్నా నమిలి మింగుతానా, నాకు పండ్లు బాగానే ఉండాయి," అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

కుప్పం మాట అప్పుడే పుంగనూరు చేరినట్టుంది.

ఏప్రిల్ 25

మదనపల్లె డాక్టరు దారిన పోతూ ఆగాడు. రేపు కాక వచ్చే ఆదివారం మూడు ఊర్ల డాక్టర్లూ ఇక్కడ హోటల్ మేడ మీద కలుస్తున్నారట. నాకు పని ఇవ్వాలా, వద్దా అన్న మాట ఎత్తుతారట. పొరపాటైంది అని ఒక్క మాట అంటే పోతుంది కదా అన్నాడు.

"చేయని పొరపాటు యాల ఒప్పుకోవాల అప్పా?"

"పొరపాట్లు ల్యాబులే చేస్తాయి గంగమ్మా. డాక్టర్లు చెయ్యరు." నవ్వుతూనే అన్నాడు. మంచివాడే.

మంచివాడే గానీ, పోయిన ఏడు తహసీల్దారు తల్లి దవడ అచ్చు తీసి తడిగుడ్డ చుట్టకుండా ఎండబెట్టి పంపింది ఈయనే. ఎండిన అచ్చు ముడుచుకుంటుంది. దాని మీద చేసిన సెట్టు ఆమె నోటికి ఎక్కలేదు. ల్యాబు తప్పు అని ఆమెకు చెప్పాడు. నేను నోరు మెదపలేదు. మళ్లీ చేసిచ్చాను. అలా మెదపనివి ఎన్నో. ఈ ఒక్కటి మాత్రం మింగను.

ఆదివారం ఈ పుస్తకమే తీసుకుపోతాను. అందరి ముందూ నాగవేణి చదువుతుంది.

ఏప్రిల్ 26

అన్నం దిగలేదు. నాగవేణి కూడా తినలేదు. నా కోపం దాని కడుపు కూడా మాడుస్తోంది.

ఏప్రిల్ 28

మునెప్ప వచ్చాడు. తానే వెతుక్కుంటూ, సెట్టు చేతిగుడ్డలో కట్టుకుని.

పేషెంట్లు మా దగ్గరికి రారు. ప్లాస్టరు దవడలే మాకు మనుషులు. ఈయన నోరు నాకు బాగా తెలుసు — లోతైన అంగిలి, కుడి పక్క చిగురు కత్తి అంచులా సన్నం. ముఖం చూడటం ఇదే మొదలు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ముహూర్తాలన్నీ ఈ నెలా వచ్చే నెలే. పందిట్లో జరిగిందాని తర్వాత రెండు పెళ్లిళ్ల వాళ్లు వేరే మేళం మాట్లాడుకున్నారట.

ట్రయల్ రోజు డాక్టరు నోట్లో పెట్టి ఎంతసేపు చూశాడు అని అడిగాను.

"ట్రయల్‌కు నేను పోనే లేదమ్మా. ఆ దినం పలమనేరులో ముహూర్తం. మైనం ఎండకు కారిపోతాదని కాంపౌండరు డబ్బా మీకే తిప్పి పంపినాడంట. నేను పోయిన దినానికి సెట్టే తయారుగా ఉండె. నోట్లో పెట్టి పో అనిరి."

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పాడు.

మరి గోరు ఎవరిది?

సెట్టు తీసుకుని అంగిలి మీద వేలితో తడిమాను. మైనంలో పడిన గుర్తు అక్రిలిక్‌లోనూ పడుతుంది, పాలిష్‌లో పోతుంది. పాలిష్ పట్టింది నేనే. నా మందం కళ్లకు అందక కొంచెం మిగిలిపోయింది. డాక్టరు గోరు చేటంత, ఒకే వంపు. ఇది సన్నం. నడిమధ్య తెగి, రెండు ముక్కలు.

ఏప్రిల్ 29

నాగవేణి బొటనవేలి గోరు రెండుగా చీలి ఉంటుంది. రెండేళ్ల కింద, సెట్టు ఉడికించే ఇత్తడి ఫ్లాస్కు బిగిస్తుంటే నలిగింది. పసుపు పెట్టి కట్టింది నేనే.

ఆ చేతిలోనే ఇప్పుడు కలం ఉంది.

చెప్పు అన్నాను.

"డాక్టరు మరిచిపోయినాడనుకుంటి అత్తా. ముందర రెండు డబ్బాలు గోరు లేదని తిప్పి పంపితివి. ఆయప్ప అప్పుడే అరిసినాడు. ఇదీ తిప్పితే మనకింక పనియ్యడని..."

ఇదీ రాయి అన్నాను. వంచిన తల ఎత్తలేదు. కలం కదిలింది.

మే 1

ఒకటే ఆలోచన, గానుగలా. ట్రయల్ కాలేదని డాక్టరుకు తెలుసు. తెలిసీ, ఉడికించిన సెట్టు చేతికి రాగానే నన్ను అడగలేదు. మునెప్ప నోట్లో పెట్టి పంపేశాడు. అది ఆయన తప్పు. కానీ నా ఇంటి తప్పు బయటపెడితే గానీ ఆయన తప్పు కనబడదు. బయటపెడితే, ఈ ల్యాబులో గోటి గుర్తును ఇంకెవరు నమ్ముతారు?

నోరు మూసుకుంటే మునెప్ప మేళం పోతుంది. ఆయన నోరు నాకు తెలుసు.

మే 2

మునెప్పకు కొత్త సెట్టు మైనంలో అమర్చాను. అంగిలి నున్నగా ఉంది. గోరు లేదు. రేపు మీటింగుకు రమ్మన్నాను ఆయన్ను. డబ్బా ఆయన ఒళ్లో పెడతాను. కుప్పం డాక్టరు అందరి ముందే నోట్లో పెట్టి చూస్తాడో, చూడడో.

చదవాల్సింది నాగవేణి. ఏప్రిల్ ఇరవై తొమ్మిది దాకా చదువుతుందా...

మొన్న నువ్వు చెప్పిందంతా రాశావా అని అడిగాను.

"రాసినా అత్తా."

ఏ పేజీ అన్నాను. తిప్పి, వేలు పెట్టి చూపింది. ఆ వరసల మీద నా చూపుడు వేలు పెట్టి తడిమాను, ఈ చివర నుంచి ఆ చివర దాకా. మైనం కాదు కదా. చేతికేమీ తగల్లేదు.